మీ ప్రశ్నలు – మా జవాబులు: డప్పు పాటకు హౌస్ బీటు

బోనాల పాటకు హౌస్ (దెబ్బదెబ్బకూ కిక్ పడే డ్యాన్స్ సంగీతం) రీమిక్స్ చేస్తున్నా. బీటు పెట్టగానే డప్పుతో కొట్లాడుతోంది. సాఫ్ట్‌వేర్ వేగం నిమిషానికి 186 దెబ్బలు అంటోంది, చేత్తో తాళం వేస్తే 124 వస్తోంది. ఏది నమ్మాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

మీ చేతినే నమ్మండి. ఈ నడకలో ఒక్కో దెబ్బ మూడు ముక్కలవుతుంది, అంటే తిశ్రం. సాఫ్ట్‌వేర్ ఆ ముక్కల్ని రెండేసి చొప్పున లెక్కేసుకుని ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. టెంపో 124 అని మీరే కొట్టి, పెద్ద దెబ్బ దగ్గర బార్ (నాలుగు దెబ్బల వరుస) మొదలుపెట్టండి. కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) నాలుగు దెబ్బల మీదా అతికిపోతుంది.

గొడవంతా ఓపెన్ హైహ్యాట్‌తోనే (ఛస్ మని మోగే తాళాల చప్పుడు). హౌస్‌లో అది రెండు కిక్‌లకు సరిగ్గా నడుమ పడుతుంది. మూడు ముక్కల దెబ్బలో ఆ నడిమి చోట ముక్కే మొదలవదు. గ్రిడ్‌ను (సాఫ్ట్‌వేర్‌లో దెబ్బను ముక్కలు చేసే గళ్లను) ట్రిప్లెట్‌కు, అంటే మూడు ముక్కలకు మార్చి హ్యాట్‌ను మూడో ముక్క మీద వేయండి, బేస్ నోట్లనూ అదే గ్రిడ్‌లో పెట్టండి. ఇలా చేస్తే హౌస్ కాదేమోనన్న బెంగ అక్కర్లేదు. చికాగో వాళ్లు వాడిన రోలాండ్ 909 డ్రమ్ మెషీన్‌లోనే కొన్ని దెబ్బల్ని కాస్త ఆలస్యం చేసి ఊపు తెచ్చే షఫుల్ ఉంది.

డప్పును మాత్రం మొత్తం తీసేయకండి. 150 హెర్ట్జ్ కింద కోసేస్తే కిక్‌కు చోటు దొరుకుతుంది, సిటికెన పుల్ల చప్పుడు పైన మిగులుతుంది. అది పోతే పాటలో పస పోయినట్టే. గొంతును సూటి గ్రిడ్‌లోకి (దెబ్బకు రెండు, నాలుగు ముక్కలు) లాగడం ఇంకో దారి. సాగదీసి పాడే పల్లవికి పనికొస్తుంది కానీ గబగబా పలికే చరణంలో అక్షరాలు తడబడతాయి.

పాత సినిమా పాట, వేగం 108. 124కు పెంచితే పల్లవి బాగుంది, చరణం వచ్చేసరికి బీటు తప్పుతోంది. గొంతు కూడా నీళ్లలోంచి వస్తున్నట్టుంది.
– మిర్యాలగూడ

రెండూ వేర్వేరు జబ్బులు. ఆ రోజుల్లో వాద్యబృందమంతా కలిసి వాయించేవాళ్లు. క్లిక్ (వేగం పట్టి ఉంచే టిక్‌టిక్ చప్పుడు) లేని రికార్డింగులో వేగం అటూ ఇటూ జరుగుతుంది. ఒక్క టెంపో అంకెతో అది కుదరదు. బార్‌కొక వార్ప్ మార్కర్ (పాటలోని దెబ్బను గ్రిడ్‌కు కట్టే గుర్తు) పెట్టుకుంటూ చివరిదాకా వెళ్లండి. ఈ పని గొంతు విడదీయకముందే, అసలు పాట మీదే చేయాలి. విడదీశాక పట్టుకోవడానికి తబలా ఉండదు.

గొంతు చెడేది సాగదీతతో. 108 నుంచి 124 అంటే దాదాపు 15 శాతం. డెమక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో విడదీసిన గొంతులో అప్పటికే కొంత గరగర ఉంటుంది, వేగం పెంచితే అది బయటపడుతుంది. 116 దగ్గర ఆగండి, హౌస్‌కు ఆ వేగం చాలు. శ్రుతి మారకుండా ఉండే మోడ్‌లోనే పెంచండి. టేపు తిప్పినట్టు పెంచితే 108 నుంచి 116కే శ్రుతి ఒకటింపావు సెమిటోన్ పైకి పోతుంది, మీ కీబోర్డు ఏ మెట్టు మీదా కలవదు.

కార్డుల విషయంలోనూ తొందరొద్దు. పాట మోహనంలో ఉందనుకోండి, అందులో మ, ని లేవు. షడ్జం మీద అలవాటుగా సెవెంత్ కార్డు వేస్తే ‘ని’ దూరుతుంది. స, ప రెండే పట్టి ప్యాడ్ (వెనకాల సాగే కీబోర్డు నాదం) వేస్తే గమకాలకు అడ్డం రాదు.

ఇయర్‌ఫోన్లలో దడదడలాడే బేస్ బారాత్ డీజే బండి మీద చప్పబడింది, ఎందుకు?
– జడ్చర్ల

బేస్‌ను స్టీరియోలో వెడల్పు చేసి ఉంటారు. బండి మీద కుడి ఎడమలు ఒకటయ్యాక అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 120 హెర్ట్జ్ కింద అంతా మోనో (రెండు వైపులా ఒకటే) చేయండి, 30 కింద కోసేయండి. కిక్ పడ్డప్పుడల్లా బేస్ తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టండి. రిలీజ్ (తగ్గిన బేస్ మళ్లీ లేవడానికి పట్టే సమయం) 120 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. మొదటి 16 బార్లు ఒట్టి డ్రమ్స్ ఉంచితే (124 వేగంలో 31 సెకన్లు) డీజేకు పాట కలపడం తేలిక.

సినిమా పాటలు పెళ్లిలో వేయొచ్చంటారు, మరి రీమిక్స్ నెట్‌లో పెడితే ఎందుకు తీసేస్తున్నారు?
– నకిరేకల్

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోని మినహాయింపు పెళ్లి ఊరేగింపులో, దానికి సంబంధించిన వేడుకల్లో పాట వేయడానికే. రీమిక్స్ చేసి అప్‌లోడ్ చేయాలంటే హక్కులున్న మ్యూజిక్ కంపెనీ అనుమతి కావాలి. జానపదం ఎవరి సొత్తూ కాకపోయినా ఆ రికార్డింగు ఒకరిదే. మీ ఊరి గాయకులతో, వాళ్ల అనుమతితో కొత్తగా పాడించి రికార్డు చేసుకుంటే ఈ తంటా ఉండదు, గొంతు విడదీసే పనీ తప్పుతుంది.