గుండె నాళానికి చిల్లు పడితే కవర్డ్ స్టెంట్ వేశారట, ఇది డాక్టర్ తప్పేనా?

మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి ఆంజియోప్లాస్టీ (గుండె నాళంలో బ్లాకుని బెలూన్‌తో తెరవడం) చేస్తుండగా రక్తనాళం చిట్లింది, అప్పటికప్పుడు కవర్డ్ స్టెంట్, అంటే తొడుగున్న స్టెంట్ వేశారు, బయటికొచ్చి "చిన్న కాంప్లికేషన్, ఇప్పుడు ఓకే" అని రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయారు. అది డాక్టర్ తప్పా, ఆ స్టెంట్ మామూలు స్టెంట్ లాగే పనిచేస్తుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. పదకొండేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాథ్ ల్యాబ్ (ఆంజియోప్లాస్టీలు చేసే గది) టెక్నీషియన్‌గా చేశాను, ఇలాంటివి నా కళ్లముందే నాలుగు జరిగాయి.

అందులో ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తే. కనుమ మర్నాడు, సగం స్టాఫ్ సెలవులో ఉన్నారు. డెబ్భై దాటిన పెద్దావిడ, షుగరు, నాళాల నిండా కాల్షియం. గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం ఎల్ఏడీ మధ్యలో బ్లాకు. బెలూన్ ఊదితే ఆ కాల్షియం దగ్గర నొక్కుకుపోయి డమరుకంలా కనిపిస్తోంది, తెరుచుకోదు. ఇంకాస్త ప్రెషర్ పెంచారు, తెరుచుకుంది. హమ్మయ్య అనుకుని బెలూన్ దించి డై (ఎక్స్‌రేలో నాళం కనిపించడానికి ఎక్కించే మందు) కొట్టగానే, నల్లటి గీతలా కిందికి పారాల్సిన డై పక్కకి పొగలా చిమ్మింది. ఎవరూ మాట్లాడలేదు. డాక్టర్ గారు ఒక్కటే అన్నారు: "వైర్ కదపొద్దు, బెలూన్ మళ్లీ ఊదు."

అదే మొదటి వైద్యం. పగిలిన పైపుకి వేలు అడ్డం పెట్టినట్టు, చిల్లు పడ్డ చోటే బెలూన్ ఊది ఉంచుతారు. బెలూన్, స్టెంట్ లోపలికి వెళ్లేది ఆ సన్నటి వైర్ మీదుగానే, అది బయటికి వచ్చేస్తే మళ్లీ ఆ నాళంలోకి దారి దొరకడం కష్టం, అందుకే ఆ మాట. కానీ బెలూన్ ఊదినంతసేపూ కింద ఉన్న గుండె కండరానికి రక్తం అందదు, పేషెంటు మెలకువగానే ఉంటారు, నొప్పి మొదలవుతుంది. ఆవిడ "బాబూ, గుండెల మీద బండ పెట్టారేంటి" అంటూనే ఉంది. ఇంకోపక్క గుండె చుట్టూ ఉండే పెరికార్డియం అనే సంచిలోకి రక్తం చేరుతోంది. ఆ సంచి ఉన్నట్టుండి సాగదు, వంద, నూటయాభై మిల్లీలీటర్లు గబుక్కున చేరినా చాలు, గుండె నొక్కుకుపోతుంది. బీపీ 140 నుంచి 70కి రావడం నేనే చూశాను. ఎకో మెషిన్ లాక్కొచ్చి, రొమ్ము ఎముక కింద సూది గుచ్చి సిరంజిలతో రక్తం తోడాల్సి వచ్చింది.

నేను బీరువా దగ్గరికి పరుగు. కవర్డ్ స్టెంట్లు మా దగ్గర రెండే, పై అరలో. ఎక్స్‌పైరీ చూసి మళ్లీ అక్కడే పెట్టేవాళ్లం, వాడిన రోజులు తక్కువ. మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పు, పంతొమ్మిది మిల్లీమీటర్ల పొడవు సైజు దొరికింది. దాన్ని లోపలికి పంపడం ఇంకో కథ. పాత రకం కదా, రెండు స్టెంట్ల మధ్య పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ పొర ఇరికించి చేస్తారు, బిరుసుగా ఉంటుంది, వంపు దగ్గర ఆగిపోయింది. పైగా స్టెంట్ పంపాలంటే అడ్డం పెట్టిన బెలూన్ తీయాలి, తీస్తే మళ్లీ కారుతుంది. అందుకని రెండో కాలి నుంచి ఇంకో క్యాథెటర్ (సన్నటి గొట్టం) ఎక్కించి, ఒకదాంతో బెలూన్ పట్టి ఉంచి, రెండోదాంట్లోంచి స్టెంట్ తెచ్చి, సరిగ్గా ఆ క్షణంలో బెలూన్ దించి లాగేసి స్టెంట్ ఊదారు. డై కొట్టారు. పొగ లేదు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం.

కవర్డ్ స్టెంట్ అంటే అంతే, మామూలు స్టెంట్ జల్లెడలా ఉంటుంది, రక్తం కన్నాల్లోంచి బయటికి పోతుంది, దీనికి మాత్రం తొడుగు ఉంటుంది. అమెరికాలో పాత రకమైన గ్రాఫ్ట్‌మాస్టర్ అనే కవర్డ్ స్టెంట్‌కి 2001లో, కొత్త రకమైన పీకే పాపిరస్‌కి 2018లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, రెండూ అరుదైన అవసరాలకి ఇచ్చే ప్రత్యేక పద్ధతిలోనే. పాపిరస్‌లో ఒకే స్టెంట్ మీద పల్చటి పాలీయురథేన్ పొర ఉంటుంది కాబట్టి వంపుల్లో సులువుగా వెళ్తుంది. ప్రతి చిల్లుకీ ఇది వేయరు. చిన్నదైతే బెలూన్‌తోనే ఆగిపోతుంది, నాళం చివర సన్నటి కొమ్మలో వైర్ గుచ్చుకుంటే కాయిల్స్ (చిన్న లోహపు తీగచుట్టలు) లాంటివి పెట్టి మూసేస్తారు.

ఇక తప్పు సంగతి. వెయ్యి ఆంజియోప్లాస్టీల్లో రెండు మూడింట్లోనో, ఇంకాస్త ఎక్కువో చిల్లు పడుతుంది. వయసు, కాల్షియం, పూర్తిగా మూసుకుపోయిన బ్లాకు, నాళం సైజుకి మించిన బెలూన్, ఇవి మామూలు కారణాలు. చివరిది తప్పే కావచ్చు, మిగతావి చాలాసార్లు కావు. చిల్లు పడిందా అన్నదానికంటే, పడ్డాక స్టెంట్ బీరువాలో ఉందా, పక్క ఊరి నుంచి తెప్పించారా అన్నది నేనైతే ముందు అడుగుతాను. మీకు రెండు ముక్కల్లో చెప్పి వెళ్లిపోవడం మాత్రం తప్పే, ఆ విషయంలో మీ కోపం న్యాయం.

మామూలు స్టెంట్ లాగే పనిచేస్తుందా అంటే, లేదు. ప్రాణం కాపాడుతుంది కానీ ఆ తొడుగు వల్ల లోపల రక్తం గడ్డకట్టే అవకాశం, మళ్లీ సన్నబడే అవకాశం మందు పూసిన స్టెంట్ కంటే ఎక్కువ. తొడుగు అడ్డం వచ్చి పక్క కొమ్మలు కూడా మూసుకుపోవచ్చు, అది చిన్న హార్ట్ ఎటాక్‌గా బయటపడుతుంది. కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల్లో ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఏది రాశారో, అది ఒక్క పూట కూడా మానకూడదు. ఎన్నాళ్లన్నది మీ డాక్టర్ చెప్పాలి, చాలామందికి కనీసం ఏడాది అంటారు. పన్ను తీయడానికి వెళ్తే "వారం మాత్రలు ఆపండి" అంటారు చూడండి, అక్కడ ఆపకుండా ముందు మీ కార్డియాలజిస్టుకి ఫోన్ చేయండి. టికాగ్రెలార్ వాడేవాళ్లకి కొంచెం ఆయాసం అనిపించడం మామూలే, దానికి భయపడి సొంతంగా మానేసినవాళ్లను చూశాను. ఛాతీలో మళ్లీ నొప్పి, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకండి.

డిశ్చార్జి కాగితాల్లో స్టెంట్ స్టిక్కర్ అంటించి ఉంటుంది, పేరు, సైజు దాని మీదే ఉంటాయి, ఫోటో తీసి పెట్టుకోండి. ప్రొసీజర్ వీడియో ఉన్న సీడీ అడగండి. ఇవ్వమంటే రేపు రండి మాపు రండి అంటారు, రాతపూర్వకంగా అడగండి. ఇంకో డాక్టర్‌కి చూపించాలనుకుంటే ఆయన మొదట అడిగేది అదే.