కెమెరా సంగతి తర్వాత, ముందు పాట పూర్తి చేయనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ ఫెస్ట్ కోసం నలుగురు స్నేహితులు కలిసి ఒక పాటకు వీడియో తీస్తారట. పాట వాళ్లలో ఒకబ్బాయే రాసి, బాణీ కట్టి పాడాడు. దీనికోసం 80 వేల రూపాయల కెమెరా కొనిమ్మని అడుగుతోంది. బీటెక్ అయ్యాక ఎడిటింగ్ వైపు వెళ్తానని కూడా అంటోంది. కొనివ్వమంటారా? చదువు పాడవుతుందేమోనని నాకూ, వాళ్లమ్మకూ ఒకటే టెన్షన్.

జవాబు: కెమెరా కొనకండి. పాట మాత్రం తీయనివ్వండి, అడ్డు చెప్పకండి.

ఎడిటింగ్ ఇష్టమని చెప్పే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్లలో సగం మందికి ఇష్టం సినిమా మీద, ఎడిటింగ్ మీద కాదు. ఆ తేడా మాటల్లో తేలదు, పని మీద కూర్చున్నాకే తెలుస్తుంది. మీ అమ్మాయికి ఆ అవకాశం పెద్దగా ఖర్చు లేకుండా ఇప్పుడే దొరికింది.

షూటింగ్ రెండు రోజుల పండగ. అందరూ ఉంటారు, టిఫిన్లు, ఫొటోలు, నవ్వులు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. 4 నిమిషాల పాటలో 3 సెకన్లకో షాట్ వేసుకున్నా 80 షాట్లు కావాలి. ఒక్కో దానికి నాలుగు టేకులు తీసినా 300 దాటిన క్లిప్పులు. అవన్నీ చూసి, పేర్లు పెట్టి, పాటతో కలిపి, పనికిరానివి పక్కన పెట్టేసరికే వారం పడుతుంది. ఆ వారం మీ అమ్మాయి విసుక్కోకుండా కూర్చుంటే ఆమె ఇష్టం నిజమైనదే.

మూడేళ్ల కిందట ఒక అబ్బాయి వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. లాప్‌టాప్ తెరిచి తను చేసిన పాట చూపించాడు. పల్లవిలో పెదాలు పాటతో చక్కగా కలిశాయి. రెండో చరణానికి వచ్చేసరికి మాట ముందు వినపడి, పెదవి తర్వాత కదులుతోంది. పాడినవాడి తప్పేమో అనుకుని రెండు రాత్రులు నిద్రపోకుండా ఒక్కో ముక్కనూ రెండేసి ఫ్రేములు (వీడియోలోని విడి బొమ్మలు) జరుపుతూ కూర్చున్నాడట. తప్పు పాడినవాడిది కాదు, ఫోన్‌ది. వెలుగు తగ్గితే చాలా ఫోన్లు వాటంతటవే సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్య మార్చేస్తాయి. దాంతో పాట సాగేకొద్దీ సింక్, అంటే మాటకూ పెదవికీ ఉన్న పొంతన, జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్పులన్నీ కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కు, అంటే సెకనుకు ఎప్పుడూ ఒకే సంఖ్యలో ఫ్రేములుండేలా, మార్చుకోమని చెప్పాను. వాళ్లమ్మ మాత్రం వేరే మాట అన్నారు: "ఇంత ఓపిక వీడికి లెక్కల్లో నేనెప్పుడూ చూడలేదండీ." ఆ మాటే నాకు సగం కౌన్సెలింగ్ చేసి పెట్టింది.

అందుకే మీ అమ్మాయికి ముందే చెప్పండి. ఫోన్‌లో ఫ్రేమ్ రేటు 25 దగ్గర, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు దగ్గర లాక్ చేసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఈ లెక్కలో తీస్తే ట్యూబ్‌లైట్ల కింద గీతలు పాకడం, వెలుగు రెపరెపలాడడం ఉండవు. మామూలు కెమెరా యాప్‌లో ఈ సెట్టింగులు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ వాళ్ల ఫోన్‌లో పనిచేస్తుందేమో చూడాలి. పాటను స్పీకర్‌లో గట్టిగా పెట్టి, ప్రతి టేక్ మొదట్లో చప్పట్లు కొట్టి తీయాలి. ఒకప్పుడు సినిమా సెట్లలో పాట వినిపించడానికి నాగరా అనే టేప్ రికార్డర్ ఉండేది, ఈ పిల్లలకు బ్లూటూత్ స్పీకర్ చాలు. ఫోన్‌లో రికార్డయిన ఆ గరగర శబ్దమే తర్వాత అసలు పాటతో కలపడానికి ఆధారం. దాన్ని మ్యూట్ చేసి తీస్తే ఎడిటింగ్‌లో ఏడుపే. స్లో మోషన్‌లో కూడా పెదాలు కలవాలంటే, సెకనుకు 50 ఫ్రేములు తీస్తూ పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. పాడే అబ్బాయి ముందు రోజు ఇంట్లో సాధన చేయకపోతే నోరు తిరగదు.

ఖర్చు పెట్టాలనుకుంటే ఒక ట్రైపాడ్, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనివ్వండి. ఫుటేజ్ రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఫోన్‌లోంచి ఏదీ డిలీట్ చేయకూడదని గట్టిగా చెప్పండి. డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో ఎడిటింగ్, రంగులు సరిదిద్దడం రెండూ అయిపోతాయి. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంటే ప్రాక్సీ ఫైళ్లు, అంటే అవే క్లిప్పులకు తేలికపాటి నకళ్లు, చేసుకుని పని చేయాలి. నిజంగా కెమెరా కావాల్సిన షాట్లుంటే ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోవచ్చు.

నలుగురూ అన్ని పనులూ చేస్తామంటే ఒప్పుకోవద్దు. డైరెక్షన్ ఒకరు, కెమెరా ఒకరు, ఎడిటింగ్ మీ అమ్మాయి. కెమెరా ఆమె చేతిలో ఉండకపోవడమే మంచిదంటాను. ఉప్పాడ బీచ్‌లో ఎండలో రెండు గంటలు నిలబడి తీసిన షాట్‌ను తీసేయడానికి తీసినవాళ్లకు చేతులు రావు. ఆ కష్టం చూడని మనిషే పాటకు అది అవసరమా కాదా అని చెప్పగలదు. సామర్లకోట భీమేశ్వరాలయం లాంటి పురావస్తు శాఖ రక్షిత కట్టడాల దగ్గర షూటింగ్‌కు మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి.

పాట సొంతంగా కట్టడం చాలా మంచి పని. సినిమా పాట తీసుకుని ఉంటే సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడింటికీ విడివిడిగా హక్కులుంటాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా సాహిత్యానికి రక్షణ ఉంటుంది. అన్నమయ్య కీర్తనే కదా అని తీసుకున్నా, ఇప్పుడు మనం వినే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. స్నేహితుడైనా సరే, పాట వాడుకోమని ఒక కాగితం మీద రాయించుకోమనండి.

ఇక చదువు సంగతి. బీటెక్ మధ్యలో ఆపే ప్రశ్నే లేదు. 1960లో మొదలైన పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో గానీ, 1995లో మొదలైన కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ ఎడిటింగ్ పీజీ కోర్సుకు డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ అయినా పర్వాలేదు, ఇంజినీరింగ్ అడ్డు కాదు. సౌండ్ కోర్సుకైతే ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలని అడుగుతూ వచ్చారు కాబట్టి, ఈసీఈ అమ్మాయికి అది కూడా తెరిచి ఉన్న తలుపే. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు సరిచూసుకోండి. ఎలాగూ డిగ్రీ అయ్యాకే కాబట్టి ఆమె చేతిలో ఇంకా రెండేళ్లకు పైగా సమయం ఉంది. ఏడాదికి ఇలాంటివి రెండు పూర్తి చేస్తే చాలు. సగంలో వదిలేసిన పది వీడియోలు ఎవరికీ చూపించడానికి పనికిరావు.

షూటింగ్ మిడ్ పరీక్షలు అయ్యాక పెట్టుకోమనండి. రఫ్ కట్, అంటే షాట్లన్నీ వరసలో పెట్టిన మొదటి ముసాయిదా, అయిన రోజు మీరిద్దరూ పక్కన కూర్చుని పాట మొత్తం చూడండి. బాగుందనో బాగాలేదనో వెంటనే అనకండి. ఏ షాట్లు తీసేశావు, ఎందుకు తీసేశావు అని అడగండి. ఆమె చెప్పిన జవాబులు రాసి నాకు పంపండి, కెమెరా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.