బొలీవియా హోటల్‌కి పొద్దున్నే వెళ్ళండి

ప్రశ్న: ఆంటీ, మా టీమ్‌లో బొలీవియా ఆయన ఒకరున్నారు. ఇక్కడ వర్జీనియాలో ఆర్లింగ్టన్ వైపు వాళ్ళ హోటళ్ళు బాగుంటాయని, సల్తేన్యాలు తప్పకుండా తినమని ఊరించారు. శనివారం సాయంత్రం ఏడింటికి ఫ్యామిలీతో వెళ్తే ‘అయిపోయాయి’ అన్నారు. మెనూలో టాకో, బురిటో లాంటి తెలిసిన పేరు ఒక్కటీ లేదు. ఫొటోలు చూపించి ఏదో తెప్పించుకుని తినేసి వచ్చాం. ఈసారి ఎలా ప్లాన్ చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, యాష్‌బర్న్

జవాబు: ఏం తినాలన్నది తర్వాత నాయనా, ముందు ఎప్పుడెళ్ళాలో చూసుకో. సల్తేన్యా అంటే లోపల కూర పెట్టి ఓవెన్‌లో కాల్చే కజ్జికాయ లాంటిది. అది పొద్దుటి తిండి. వాళ్ళ దేశంలో పదీ పదకొండు గంటలప్పుడు, టిఫినుకీ భోజనానికీ నడుమ తింటారు. మధ్యాహ్నం దాటితే చాలా చోట్ల ఇక దొరకదు. వర్జీనియాలో కొందరు రోజంతా అమ్ముతారు గానీ, ఓవెన్‌లోంచి అప్పుడే తీసినదానికీ, సాయంత్రం మైక్రోవేవ్‌లో పెట్టి ఇచ్చినదానికీ చాలా తేడా. మెత్తబడిపోయిన సల్తేన్యా తినడం కంటే ‘అయిపోయాయి’ అనిపించుకోవడమే నయం.

ఫాల్స్ చర్చ్‌లో నేను పనిచేసిన ఆఫీసు కిందే అలాంటి చిన్న హోటల్ ఉండేది. టై కట్టుకున్నవాళ్ళూ, పెయింట్ మరకల ప్యాంట్లవాళ్ళూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, మోచేతులు ఆనించి, ముందుకు వంగి తినేవాళ్ళు. ఆ వంగడం ఎందుకో సల్తేన్యా కొరికితే గానీ అర్థం కాదు. లోపలున్నది పొడి కూర కాదు, పులుసు. కోడి గానీ గొడ్డుమాంసం గానీ, బంగాళాదుంప, బఠాణీ, ఉడికించిన గుడ్డు ముక్క, ఒక ఆలివ్, కొందరైతే ఎండుద్రాక్ష కూడా వేస్తారు. అంత పులుసు పిండిలో ఎలా నిలుస్తుందంటే, వండేటప్పుడే జెలటిన్ (జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జిగురు) కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు. ఆ గడ్డను జాఫ్రా గింజల రంగు వేసిన, కాస్త తియ్యటి పిండిలో పెట్టి, అంచు మెలిపెట్టి మూసి, బాగా కాగిన ఓవెన్‌లోకి తోస్తారు. పైన పిండి ఎర్రగా కాలేసరికి లోపలిది కరిగి మళ్ళీ పులుసవుతుంది.

నిలువుగా పట్టుకుని పై కొస కొంచెం కొరుకు. ముందు పులుసు జుర్రుకో, తర్వాత మిగతాది. ఫోర్కుతో మధ్యలో పొడిచావంటే పులుసంతా ప్లేటు పాలే. ఆలివ్‌లో గింజ తియ్యకుండానే వేస్తారు చాలామంది, పళ్ళు జాగ్రత్త.

మధ్యాహ్నం వెళ్తే ఆ రోజు ‘ఆల్ముయెర్సో’ ఏమిటని అడుగు. ముందు సూప్, తర్వాత అన్నం, మాంసం, దుంపలున్న ప్లేటు. డబ్బుకు తగ్గ భోజనం అంటే అదే. సాయంత్రం అయితే సిల్‌పాంచో చెప్పొచ్చు. అన్నం, వేయించిన దుంప చక్రాలు, వాటి మీద ప్లేటంత వెడల్పున సాగగొట్టి వేయించిన పల్చటి గొడ్డుమాంసం, దాని మీద గుడ్డు, పైన ఉల్లి టమాటా ముక్కలు. ఇది కొచబాంబా ఊరి వంటకం. ఇక్కడి మెనూల్లో ఆ ఊరి వంటలే ఎందుకు ఎక్కువంటే, వాషింగ్టన్ చుట్టుపక్కల స్థిరపడినవాళ్ళలో ఎక్కువమంది ఆ ప్రాంతంవాళ్ళే. 1985లో బొలీవియాలో ధరలు అదుపు తప్పి డబ్బు చిత్తుకాగితమైంది. అదే ఏడాది తగరం ధర పడిపోయి గనులు మూతబడ్డాయి. అప్పుడు కదిలిన జనంలో కొంతమంది ఇటు వచ్చారు, తర్వాత వాళ్ళ వెంట చుట్టాలు వచ్చారు. మనవాళ్ళు వచ్చిన పద్ధతే, వీసాలు వేరు.

ప్రశ్న: మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. గుడ్డు కూడా ముట్టరు. మా వారికేమో బొలీవియా హోటల్ మీద మోజు. ఆవిడని తీసుకెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, షాంటిలీ

జవాబు: ఆకలి మీద తీసుకెళ్ళకమ్మా. ఇంట్లో కాస్త పెరుగన్నం పెట్టి తీసుకెళ్ళు. ఇది మాంసం తినేవాళ్ళ వంట. కూరగాయల సల్తేన్యా అని బోర్డు మీద రాసినా లోపల జెలటిన్, గుడ్డు ఉండొచ్చు. సూపులు ఎముకల రసంతో కాస్తారు. ‘మాంసం వద్దు’ అన్నావంటే ఎంతో మర్యాదగా చికెన్ తెచ్చిపెడతారు. కోడి, గుడ్డు, ఎముకల రసం, పంది కొవ్వు, నాలుగూ వద్దని విడివిడిగా చెప్పాలి.

ఆవిడకి ఉమింతా బాగుంటుంది. లేత మొక్కజొన్న రుబ్బి, చీజ్ కలిపి, పొత్తు ఆకులోనే చుట్టి ఉడికిస్తారు. కొందరు పంది కొవ్వు కలుపుతారు కాబట్టి వెన్నతో చేశారేమో అడుగు. కున్యపే అని కర్రపెండలం పిండి, చీజ్ కలిపి కాల్చే చిన్న రొట్టె ఉంటుంది. వేడి మీదే తినాలి, చల్లారితే రాయి. దాన్లో చాలామంది గుడ్డు వేస్తారు, అదీ అడగాల్సిందే. ఏ అనుమానం లేకుండా తాగగలిగేది ఆపి. ఊదా రంగు మొక్కజొన్న పిండిని దాల్చినచెక్క, లవంగం, పంచదార వేసి కాచి, పొగలు కక్కుతుండగా ఇస్తారు. చలికాలం పొద్దున ఒక గ్లాసు ఇప్పించు, కోడలి మీద అభిప్రాయం కూడా మారొచ్చు.

ప్రశ్న: మాది గుంటూరు. బొలీవియా హోటల్లో ఇచ్చే ఎర్ర చట్నీ కారంగా ఉంటుంది, జాగ్రత్త అని సర్వర్ అంటే నవ్వొచ్చింది. నిజంగా అంత కారమా?
– ఒక పాఠకుడు, హెర్న్‌డన్

జవాబు: గుంటూరు పరువు కోసం చెంచాడు నోట్లో వేసుకోకు. దాన్ని ల్యాహ్వా అంటారు. టమాటా, లోకోతో అనే మిరపకాయ, కిర్కిన్యా అనే ఘాటైన ఆకు, ఉప్పు. అంతే. తాలింపు లేదు, నూనె లేదు. బతాన్ అనే పెద్ద బల్లపరుపు రాయి మీద, అర్ధచంద్రంలా ఉన్న బరువైన రాయిని రెండు చేతులా అటూ ఇటూ ఊపుతూ నూరతారు. మన పచ్చి టమాటా రోటి పచ్చడికి తోబుట్టువే అనుకో. లోకోతో చిన్న క్యాప్సికంలా గుండ్రంగా, కండపట్టి ఉంటుంది. కోసి చూస్తే గింజలు నల్లగా ఉంటాయి. ఇక్కడ అది దొరకనప్పుడు కొందరు హలపీన్యో వేసేస్తారు, ఆకు బదులు కొత్తిమీర వేస్తారు. అప్పుడు నీ నవ్వు నీకే ఉంటుంది. అసలుదే తగిలితే మాత్రం నీళ్ళు తాగకు, అన్నం నములు.

ప్రశ్న: బొలీవియా హోటల్ మెనూలో పల్లీలతో సూప్ అని చూశాం. పీనట్ బటర్ వాసనొస్తుందేమోనని తెప్పించుకోలేదు. ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, యాష్‌బర్న్

జవాబు: అయ్యో, మంచిది వదిలేశావు! ‘సోపా దే మాని’ అనే ఆ సూపులో పల్లీలు వేయించరు, పచ్చివే నానబెట్టి రుబ్బుతారు. అందుకే తెల్లగా, కమ్మగా ఉంటుంది, బటర్ వాసన రాదు. మా అనంతపురంవాళ్ళం చెనక్కాయ మా సొంతం అనుకుంటాం. చెనక్కాయల పచ్చడి ఊరిబిండి లేనిదే సంగటి దిగదు మాకు. కానీ ఆ పంట పుట్టిల్లు దక్షిణ బొలీవియా, దాన్ని ఆనుకున్న అర్జెంటీనా ప్రాంతం. మనం దాన్ని వేయించి, దంచి, నూనె తీసి ఇన్ని చేశాం గానీ పచ్చిగా రుబ్బి చారు కాచాలన్న ఆలోచన మా అమ్మకీ రాలేదు, అవ్వకీ రాలేదు.

నలుగురికి ఒక కప్పు పచ్చి పల్లీలు తీసుకో. గంటసేపు వేడినీళ్ళలో నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బు. ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ నూనెలో మగ్గించి, ఆరు కప్పుల నీళ్ళు పోసి, మరిగాక రుబ్బిన పల్లీల ముద్ద కలుపు. పొంగుతుంది, పక్కనే నిలబడు. సన్న మంట మీద నలభై నిమిషాలు తక్కువ కాకూడదు, లేకపోతే పచ్చి వాసన పోదు. దుంప ముక్కలు, గుప్పెడు మాకరోని చివర్లో. వాళ్ళు గొడ్డుమాంసం ఎముకతో కాస్తారు, నువ్వు మానేసినా రుచికి లోటుండదు, ఉప్పు, ఒరెగానో సరిగ్గా పడితే చాలు. గిన్నెలో పోశాక పైన వేయించిన సన్నటి ఫ్రెంచ్ ఫ్రైస్, పార్స్‌లీ తరుగు. ఫ్రైస్ పక్కన ప్లేటులో పెట్టకు, సూపు మీదే వెయ్యి. సగం నాని సగం కరకరలాడాలి.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్ళు. బయటికెళ్తే బర్గర్, ఫ్రైస్ తప్ప ఏమీ వద్దంటాడు. వాణ్ణి పెట్టుకుని ఇలాంటి హోటల్‌కి వెళ్ళాలంటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, హెర్న్‌డన్

జవాబు: మెక్‌డొనాల్డ్స్ 2002లో బొలీవియాలో దుకాణాలన్నీ మూసుకుని వెళ్ళిపోయింది, కాబట్టి బర్గర్ సంగతి వాళ్ళ దగ్గర ఎత్తకు. ఫ్రైస్‌కి మాత్రం కరువు లేదు. పీకే మాచో తెప్పించు. ఒక పళ్ళెం నిండా ఫ్రైస్, వాటి మీద గొడ్డుమాంసం ముక్కలు, సాసేజ్, ఉల్లి, టమాటా, ఉడికించిన గుడ్డు, మిరపకాయ చీలికలు. ఒక్కరి కోసం పెట్టేది కాదు, ముగ్గురు నలుగురు ఒకే పళ్ళెంలో తింటారు. గొడ్డుమాంసం తినరంటే చికెన్‌తో చేస్తారేమో అడుగు. మిరపకాయ వెయ్యొద్దని ముందే చెప్పు. తాగడానికి మోకోచించి ఇప్పించు, దాల్చినచెక్కతో ఉడికించిన ఎండు పీచ్ పండు గ్లాసు అడుగున ఉంటుంది, చెంచాతో తీసుకుని తింటాడు. నల్లగా ముడతలు పడ్డ దుంపలు ప్లేటులో కనిపిస్తే అది చూన్యో. రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు తొక్కి నీరు తీసి, ఎండబెట్టిన బంగాళాదుంప. మట్టి వాసనేస్తుంది. అది వాడికి పెట్టకు, నువ్వు తిను.