నాటక సమాజం నీ చేతికి వచ్చాక

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ ఊరి నాటక సమాజానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకొని, ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవానికి గంట నిడివి గల సాంఘిక నాటిక ఒకటి తయారుచేసే బాధ్యతను కూడా నీకే అప్పగించారని తెలిసి సంతోషించాను. సభ్యుల పేర్లకు ఎదురుగా ఎవరెవరికి ఎన్నేళ్ల రంగస్థల అనుభవం ఉందో రాసి, దాన్నిబట్టి పాత్రలు ఎలా పంచాలో చెప్పమన్నావు. ఆ జాబితా శ్రద్ధగా చదివాను. నాకు కావలసిన సంగతి మాత్రం అందులో లేదు. ఫలానావారికి ముప్పై ఏళ్ల అనుభవం అన్నావు గాని, ఆ ముప్పై ఏళ్లు ఆయన ఎలాంటి నాటకాలలో, ఎలాంటి వేదికల మీద, ఎటువంటి ప్రేక్షకుల ముందు గడిపారో రాయలేదు. ప్రతి వేదికా నటుడి ఒంట్లో ఏదో ఒక అలవాటును వదిలిపెట్టి పోతుంది. పాత్రలు పంచే ముందు దర్శకుడు కనిపెట్టవలసింది ఆ అలవాట్లనే.

మొదట మీ సమాజంలోని పద్యనాటకం పెద్దాయన సంగతి చూద్దాం. పద్యనాటకాలలో ఒకే రాత్రి పడక సీను కృష్ణుడు ఒకరు, రాయబారం సీను కృష్ణుడు మరొకరు కావడం మామూలు. ఆ నటుడు ఏ ఊరి నుంచో బస్సు దిగి, మేకప్ వేసుకొని, అంతకుముందు ఎన్నడూ కలిసి నటించని అర్జునుడి పక్కన నిలబడి తన సీను పండించి వెళ్ళిపోతాడు. ఇది సామాన్యమైన శక్తి కాదు. ఎదుటివాడు పద్యం మరిచిపోయినా అందించగలడు, హార్మోనిస్టు శ్రుతి మార్చినా సర్దుకోగలడు, తెర లేవడం ఆలస్యమైతే ప్రేక్షకులను మాటలతో నిలబెట్టగలడు. అయితే అదే శక్తి వల్ల ఆయనకు రిహార్సల్ ఎందుకో అర్థం కాదు. ముఖం ఎప్పుడూ ప్రేక్షకుల వైపే ఉంటుంది, మాట చివర ఒక రాగచ్ఛాయ దానంతట అదే వచ్చి చేరుతుంది, చప్పట్ల కోసం ఒక క్షణం ఆగడం రక్తంలో కలిసిపోయి ఉంటుంది. కూతురి పెళ్లికి అప్పు చేసిన గుమాస్తా పాత్రలో ఇవన్నీ బయటపడితే ప్రేక్షకులు నవ్వుతారు. ఈ విషయం ఆయనతో నలుగురిలో అనకు. ఒంటరిగా కూర్చున్నప్పుడు, ఆ గుమాస్తా తన మాట ఎవరికీ వినబడకూడదని అనుకుంటున్నాడని మాత్రం చెప్పు. గొంతు మీద అంత అదుపున్న మనిషికి ఆ ఒక్క మాట చాలు, గొంతు తగ్గించడం ఆయనే చూసుకుంటాడు. చెయ్యి ఎత్తవద్దు, రాగం తియ్యవద్దు అని నిషేధాలు పెట్టావంటే మాత్రం ఆయన బిగుసుకుపోతాడు, నీకు రాగమూ దక్కదు, నటనా దక్కదు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలలో పాల్గొన్న రిటైర్డు టీచరు గారు కూడా ఉన్నారని రాశావు. రేడియోలో పండిన నటులకు మాటలో విరుపు, మౌనంలో బరువు తెలిసినంతగా ఇతరులకు తెలియవు. వారి చిక్కంతా చేతులతోనే. స్క్రిప్టు పట్టుకొని మైకు ముందు నిలబడిన అలవాటు వల్ల వేదిక మీద చేతులను ఎక్కడ పెట్టుకోవాలో వారికి తోచదు. ఆయనకు చేతికి పని ఉన్న పాత్ర ఇవ్వు: కళ్ళజోడు తుడుచుకొనే మనిషి, తమలపాకులకు సున్నం రాసుకొనే మనిషి, లెక్కల పుస్తకం తిరగేసే మనిషి. పని చేతికి అలవాటయ్యేదాకా సంభాషణ చెప్పించకు.

టీవీ సీరియళ్లలో చిన్న వేషాలు వేసిన కుర్రవాడి విషయంలో ఇబ్బంది మరోలా ఉంటుంది. కాలరుకు మైకు తగిలించుకొని, ముక్కలు ముక్కలుగా షాట్లలో నటించినవాడు మూడో వరుస దాటి వినబడడు. అంతకంటే పెద్ద లోపం ఏమిటంటే, తన డైలాగు అయిపోగానే అతని ముఖం ఆరిపోతుంది, ఎందుకంటే అక్కడ కెమెరా అప్పటికే ఎదుటివారి మీదకు వెళ్ళిపోయి ఉంటుంది. వేదిక మీద అలా తప్పుకొనే వీలు లేదు. మాట్లాడుతున్నవారిని ఒక కంట చూస్తూనే ప్రేక్షకుడు వింటున్నవారి ముఖాన్నీ చూస్తాడు, ఆ మాట ఎంత బలంగా తగిలిందో అక్కడే తెలుసుకుంటాడు. నాటక పోటీలు నడిపే పరిషత్తులలో కూడా న్యాయనిర్ణేతల కన్ను తరచుగా అటే పోతుంది. కాబట్టి ఆ కుర్రవాడికి తక్కువ మాటలు, ఎక్కువసేపు వేదిక మీద ఉండే పాత్ర ఇవ్వు. చిన్నబుచ్చుకుంటాడు, ఫరవాలేదు.

కాలేజీ స్కిట్లు తప్ప ఏమీ ఎరుగని నలుగురు పిల్లల గురించి నీవు చాలా బెంగపడ్డావు. ఆ బెంగ నాకు లేదు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు వ్యవహార ధర్మబోధిని నాటకాన్ని ప్రదర్శింపజేసినప్పుడు నటించినవారు ఆయన విద్యార్థులే. ఆయన పుట్టినరోజునే నీవు వేయబోయే నాటికలో కొత్తవారు ఉండటం సబబుగానే ఉంది. కొత్తవారిలో వదిలించవలసిన అలవాట్లు తక్కువ. నవ్వు వస్తుందనుకున్న చోట ఆగి ఎదురుచూడటం, నవ్వు రాకపోతే కంగారుపడి అదే మాటను ఇంకా గట్టిగా అనడం స్కిట్ల వల్ల వచ్చిన జబ్బు. అది పది రిహార్సళ్లలో పోతుంది. వారిని పాతవారి పక్కన వేసి, ఇద్దరిద్దరుగా సీన్లు కూర్చు. పద్యనాటకం పెద్దాయనకూ టీవీ కుర్రవాడికీ ఒక సీను పెట్టావంటే, ఒకరు గొంతు దించడం, మరొకరు గొంతు పెంచడం ఎవరూ చెప్పకుండానే జరుగుతుంది.

పాత్రల పంపకంలో నీకు రాబోయే మొదటి తలనొప్పి అనుభవజ్ఞుల వల్ల రాదు, చందా ఎక్కువ ఇచ్చినవారి వల్ల వస్తుంది. మన చిన్న ఊళ్ల సమాజాలన్నింటిలోనూ హాలు అద్దె భరించే పెద్దమనిషికి ఏదో ఒక వేషం కావాలి. అటువంటివారికి కుర్చీలో కూర్చొనే జడ్జి వేషం తరతరాలుగా ఎంతో ఉపకారం చేసింది. నాటికలో జడ్జి లేకపోతే ఆయనను సభకు అధ్యక్షుణ్ణి చెయ్యి. ఉపన్యాసం మాత్రం నాటిక ముగిసిన తరువాతే పెట్టించు.

ఇక స్త్రీ పాత్రల సంగతి. మీ సమాజంలో మహిళలు లేరు కాబట్టి బయటి నుంచి ఆర్టిస్టును పిలుస్తామని రాశావు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించి మెప్పించిన కాలం మనకు ఉంది, తెనాలి రామవిలాస సభలో స్థానం నరసింహారావు గారు ఆ కళను శిఖరానికి తీసుకువెళ్ళారు. ఆ రోజుల్లోనే, వృత్తికి వకీలైన బళ్ళారి రాఘవ గారు స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని వాదించి, అలాగే ఆడించారు కూడా. ఈనాడు పరిషత్తులకు వెళ్ళే నాటికలలో కనిపించే నటీమణులు చాలామంది ఒకే సంవత్సరంలో అనేక సమాజాలకు పనిచేస్తూ, ఒక నాటిక సంభాషణలు మరొక నాటికలో కలవకుండా గుర్తుపెట్టుకొని, రాత్రి ప్రదర్శన ముగిశాక బస్సు పట్టుకొని మరొక ఊరు చేరుతుంటారు. మీ సమాజం మొత్తంలో అందరికంటే ఎక్కువ వేదికలు చూసిన మనిషి ఆమే అయివుంటుంది. కాబట్టి ఆమెను బయటి మనిషిగా చూడనివ్వకు. మాట్లాడుకున్న పారితోషికాన్ని మేకప్ తుడుచుకొనే లోపల చేతికి అందించు, రేపు పంపుతాం అనే మాట మీ సమాజం నోట రాకూడదు. బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది ముందే చూసి పెట్టు. చాలా హాళ్లలో గ్రీన్‌రూమ్ అంటే నాలుగు వైపులా మనుషులు తిరిగే వసారాయే. రిహార్సళ్లకు ఆమెకు రెండు మూడు రోజులకు మించి రావడం కుదరదు గనుక, తక్కిన రోజుల్లో ఆమె డైలాగులు చదవడానికి ఒకరిని నియమించి, ఆమె నిలబడే చోట్లు, వచ్చిపోయే దారులు కాగితం మీద గీసి ముందే పంపు. వచ్చినప్పుడు, ఈ సీను మీకు ఎలా అనిపిస్తోందని అడుగు. ఆమె చూపే చిన్న సవరణ ఒక్కొక్కప్పుడు నాటికనే నిలబెడుతుంది.

రిహార్సళ్ల విషయంలో నా పద్ధతి ఇది. మొదటి వారమంతా కింద కూర్చొని చదవడమే. ఎవరి పాత్ర వారు కాకుండా, ఒకసారి పాత్రలు మార్చుకొని చదివించు, అప్పుడు ఎదుటివారి బాధ ఏమిటో తెలుస్తుంది. రెండో వారం నుంచి మేడ మీద సుద్దముక్కతో వేదిక కొలత గీయించు. ప్రదర్శన జరగబోయే హాలుకు ముందే వెళ్ళి వేదిక వెడల్పు, లోతు, నటులు వచ్చిపోయే పక్క తెరలు, అంటే వింగ్స్, ఎన్ని ఉన్నాయి, మైకులు పైనుంచి వేలాడతాయా, ముందు అంచున నేల మీద ఉంటాయా అన్నది స్వయంగా చూసుకో. నేల మైకులైతే మనవాళ్లందరూ మాట వచ్చినప్పుడల్లా ముందుకు నడిచి వస్తారు, నాటిక కవాతులా తయారవుతుంది. వాటిని దృష్టిలో పెట్టుకొని మూవ్‌మెంట్లు ముందే నిర్ణయించాలి. కుర్చీ, మంచం, చెంబు, ఉత్తరం, తాళంచెవి ఏవైనా సరే, నిజమైన వస్తువులతోనే మూడో వారం నుంచి రిహార్సల్ జరగాలి. ప్రదర్శన రోజున మొదటిసారి చేతికి వచ్చిన తాళంచెవి ఏ తాళానికీ పట్టదు.

ప్రాంప్టర్ గురించి పాతవారు నీతో తగాదా పడతారు. వింగ్ పక్కన మనిషి నిలబడి అందిస్తుంటేనే నటించే అలవాటు చాలామందికి ఉంది. అందులో చెవి అటు పెట్టిన నటుడు ఎదుటివారి మాట వినడు, మాట కోసం ఎదురుచూసే ఆ అరక్షణం ముఖం ఖాళీగా ఉండిపోతుంది. ప్రదర్శనకు పదిహేను రోజుల ముందు నుంచి ప్రాంప్టింగ్ పూర్తిగా ఆపించు. ఆ రోజుల్లో మాట మరిచినవారిని అక్కడే కొట్టుమిట్టాడనివ్వు, పక్కవారు ఆదుకోవడం నేర్చుకుంటారు. ప్రదర్శన రోజున మాత్రం ప్రాంప్టర్‌ను తప్పక నిలబెట్టు. మనిషి ఉన్నాడన్న ధైర్యం చాలు, నోరు విప్పవలసిన అవసరం రాదు.

తెర వెనుక పని తక్కువ పని అనే భావం మీ వాళ్లలో ఉన్నట్టు నీ రాతను బట్టి తోచింది. 1885లో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజం వారి కుటుంబాలలో వేషం వేసినవారే తెర లాగుతారు, దీపాలు చూస్తారు, సెట్లు మోస్తారు. పాత్ర దొరకని సభ్యులకు లైట్లు, నేపథ్య సంగీతం, వస్తువుల బాధ్యత ఒక్కొక్కటి పూర్తిగా అప్పగించి, మొదటి రిహార్సల్ నుంచే రమ్మను. ఏ మాటకు వెలుతురు తగ్గాలో స్క్రిప్టులో పెన్సిలుతో గుర్తుపెట్టుకున్నవాడికి నాటిక మొత్తం కంఠతా వస్తుంది, వచ్చే ఏడాది అతనికే ముఖ్యపాత్ర ఇవ్వవచ్చు. పోటీలకు వెళ్ళే ఉద్దేశం ఉంటే, బహుమతి సొమ్ము సమాజానిదని, జ్ఞాపిక నటుడిదని ఇప్పుడే మినిట్సు పుస్తకంలో రాయించి అందరిచేతా సంతకాలు పెట్టించు. గెలిచిన తరువాత ఈ చర్చ మొదలుపెట్టిన సమాజాలు మరుసటి ఏడాదికి రెండుగా చీలిపోవడం చూశాను.

నిడివి గురించి ఒక మాట. నీవు ఎంచుకున్న నాటిక చదివితే గంట దాటుతుంది, ఆడితే ఇంకా పెరుగుతుంది. రచయితను సంప్రదించకుండా ఒక్క వాక్యం కూడా తీయవద్దు గాని, తీయడానికి సంకోచించనూ వద్దు. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించిన కన్యాశుల్కాన్ని ఈనాడు సమాజాలు ఆడేది కుదించిన రూపంలోనే, అంతటి నాటకానికి లేని అభ్యంతరం మన నాటికకు ఏముంటుంది? రెండో రంగంలో తండ్రి, కొడుకు మూడుసార్లు ఒకే తగాదా పడుతున్నారు, అందులో నడిమిది అక్కరలేదని నాకు అనిపించింది.

మొదటి చదువు పూర్తయ్యాక, ఒక్కొక్క రంగానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి రాయించి, దానితోపాటు సభ్యుల జాబితాను నేను చెప్పిన పద్ధతిలో మళ్ళీ తయారుచేసి పంపు. మార్చి రెండో వారంలో నేను వచ్చి రెండు రోజులు ఉంటాను. ఆ రెండు రోజులూ రిహార్సల్ సాయంత్రం ఆరింటికే మొదలయ్యేట్టు చూడు, తొమ్మిది దాటితే నాకు నిద్ర ఆగదు. అక్కయ్యకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ మేనమామ