మాట రాని నాన్నకు తోడుగా

ప్రశ్న: నాన్నకు పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట లేదు. ఆసుపత్రిలో నెల దాటింది, ఇంకా ముక్కు గొట్టంతోనే ఆహారం. అమ్మకు నిద్రే లేదు. నేనేం చేయాలి? – ఓ కూతురు, గుంటూరు

జవాబు: ముందు అమ్మను ఇంటికి పంపి పడుకోనివ్వండమ్మా, రాత్రి వంతు మీరు తీసుకోండి. రెండు గంటలకోసారి నాన్నగారిని పక్కకు తిప్పాలి, నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవట్లేదంటే పుండు మొదలవుతున్నట్టే, వెంటనే నర్సుకు చూపించండి. గొట్టంలో జావ పోసేటప్పుడు తలవైపు మంచం ఎత్తి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచండి. మాట పోయినా ఆయనకు చాలావరకు అర్థమవుతూ ఉండొచ్చు, దయచేసి ఆయన ముందు బిల్లుల టెన్షన్ మాట్లాడకండి. ‘ఫ్యాన్ వేయమంటారా నాన్నా?’ అని ఒక్కటే అడిగి, ఎడమచేత్తో సైగ చేసేదాకా ఆగండి. మొదటి నెలల్లోనే ఎక్కువ కోలుకుంటారు, ఫిజియోథెరపీ మాననివ్వకండి.