వేళ్లు కోస్తే మర్రి బతుకుతుందా?

ప్రశ్న: మా మర్రి బోన్సాయ్‌కి మూడేళ్లుగా కుండీ మార్చలేదు. పోసిన నీళ్లు పైనే నిలుస్తున్నాయి. వేళ్లు కోయాలంటే చెయ్యి రావడం లేదు. ఏం చేయను?

జవాబు: మొదటిసారి నేనూ కత్తెర పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయానండీ. నీళ్లు దిగట్లేదంటే కుండీ నిండా వేళ్లే ఉండి ఉంటాయి. చిగుళ్లు వేసే వెచ్చని రోజుల్లో చెట్టును పైకి తీయండి. వేళ్లు కుండీ ఆకారంలోనే చాపలా అల్లుకుని కనిపిస్తాయి. వెదురు పుల్లతో అంచు నుంచి మెల్లగా, జడ చిక్కు తీసినట్టు విప్పండి. అడుగున ఉన్న లావు వేళ్లు తగ్గించండి, మొత్తంలో మూడో వంతు దాటొద్దు. నీళ్లు తాగేవి సన్నవే, వాటిని ఆరనివ్వకండి. నీళ్లు జారిపోయే గరుకు మట్టి వేసి, చెట్టు కదలకుండా తీగతో కట్టండి. రెండు మూడు వారాలు నీడ, నెల దాకా ఎరువు వద్దు. కొన్ని ఆకులు రాలినా కంగారు పడకండి.