పేర్లు చదివించు, అమ్మలూ

గుంటూరు, బ్రాడీపేట

చి. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

డిసెంబరు 9న మీ విజయవాడ కాలేజీలో జాతి నిర్మూలనలో చనిపోయినవాళ్ల స్మృతి సభ పెట్టే బాధ్యత నీ మీద పడిందని, ఎలా చేయాలో తోచక టెన్షన్‌గా ఉందని నిన్న ఫోన్లో అన్నావు. ఫోన్లో చెబితే నువ్వు మళ్లీ చూసుకోవడానికి ఉండదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. చరిత్ర లెక్చరర్‌గా మొదటిసారి ఇలాంటి సభ పెట్టినప్పుడు తెర మీద శవాల గుట్టల ఫోటోలు వరసగా చూపించాను. పిల్లల మనసు కదలాలని నా ఉద్దేశం. పదో ఫోటో వచ్చేసరికి సగం మంది తల దించేసుకున్నారు. ఒకమ్మాయి ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. చివర్లో, చనిపోయినవాళ్లలో ఒక్కరి పేరైనా చెప్పండర్రా అంటే ఎవరూ నోరు విప్పలేదు. హిట్లర్ పేరు మాత్రం అందరికీ తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బతికున్న మనుషుల్ని హంతకులు శవాలు చేశారు, నేనూ వాళ్లని శవాలుగానే చూపించాను.

అందుకని శవాల ఫోటోలు వద్దమ్మా. పెళ్లి ఫోటో, బడి ఫోటో, బతికున్నప్పటివి పెట్టు. పేర్లు చదివించు. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఎక్కువ మంది పేర్లని జెరూసలేంలోని యాద్ వషేమ్ అనే స్మారక సంస్థ సేకరించి పెట్టింది, ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో చంపిన 8,000 మందికి పైగా మగవాళ్లు, కుర్రాళ్ల పేర్లు అక్కడ రాతి మీద చెక్కి ఉన్నాయి. ఒక్కో విద్యార్థికి ఒక్కో పేరు ఇవ్వు. పేరు, ఊరు, వయసు, అంతే. వారం ముందే ఇస్తే ఆ పరదేశపు పేరు నోరు తిరిగేదాకా ఇంట్లో పదిసార్లు అనుకుంటారు. అలా అనుకోవడంలోనే ఆ మనిషి వాళ్లకి దగ్గరవుతాడు. పేరుకీ పేరుకీ మధ్య కాస్త ఆగమను.

కంబోడియా గురించి చెప్పేటప్పుడు లక్షల లెక్కలతో మొదలుపెట్టకు. తువోల్ స్లెంగ్ గురించి చెప్పు. అది నాంపెన్‌లో ఒక హైస్కూలు. అప్పట్లో ఆ దేశాన్ని ఏలిన ఖ్మేర్ రూజ్ దాన్ని జైలు చేసింది. పాఠాలు చెప్పిన గదుల్లోనే ఇటుకలతో చిన్న చిన్న అరలు కట్టి మనుషుల్ని గొలుసులతో కట్టేశారు. వచ్చిన ప్రతివాళ్లనీ నంబరు తగిలించి ఫోటో తీశారు. 14,000 మందికి పైగా అందులోకి వెళ్తే ప్రాణాలతో బయటపడింది చాలా కొద్దిమంది. వాన్ నాథ్ అనే ఆయన బొమ్మలు వేయడం వచ్చు కాబట్టి బతికాడు. ఇదంతా క్లాస్‌రూమ్‌లోనే చెప్పు. కూర్చున్న గది గోడల వంక పిల్లలు తమంతట తామే చూస్తారు.

ఇక అసలు సంగతి. సభలో ఇంకేం చేయలేకపోయినా ఈ ఒక్కటి మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పు. ఆ మధ్య మిర్చికి నల్లతామర పురుగు పట్టినప్పుడు మీ బాబాయి చేలో రోజు విడిచి రోజు మందు కొట్టించడం నువ్వు చూశావు. పురుగు మీద ఎవరికీ జాలి ఉండదు, ఉండక్కర్లేదు కూడా. అందుకే మనుషుల్ని చంపాలనుకున్నవాళ్లు ముందు వాళ్లకి పురుగు అని పేరు పెడతారు. రువాండాలో ఒక రేడియో టుట్సీ తెగవాళ్లని బొద్దింకలు, బొద్దింకలు అంటూ ఊదరగొట్టింది. 1994 ఏప్రిల్ నుంచి సుమారు 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపేశారు. చాలామందిని చంపింది పక్కింటివాళ్లే. బెల్జియం వాళ్ల పాలనలో మొదలైన గుర్తింపు కార్డుల మీద ఎవరు ఏ తెగో రాసి ఉండేది. దారి కాసినవాళ్లు ఆ కార్డే అడిగేవాళ్లు. నాజీల ఆష్విట్జ్ శిబిరంలో మనుషుల మీద వాడిన జైక్లాన్-బి అనే విషం కూడా మొదట పురుగుల మందే. ఈ మాట చెప్పి, మన ఫోన్లలో వచ్చే ఫార్వర్డ్‌లలో ఎవరినైనా చీడపురుగులు, చెదలు అన్నారేమో చూసుకోమని అడుగు. మన ఇంటి గ్రూపులోనే దొరుకుతాయి, నాకు దొరికాయి. పంపినాయనకి ఫోన్ చేసి, ఈ మాట వద్దు అన్నయ్యా అని చెప్పాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

మన దగ్గర ఇలాంటివి జరిగాయా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. దాటేయకు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. వాళ్ల వాళ్లు ఊరి మధ్యలోనే సమాధి చేసి ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు. చట్టం ప్రకారం అది జాతి నిర్మూలన కిందికి రాదు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలో ఒక జాతినో, తెగనో, మతాన్నో మొత్తంగానో కొంతమేరకో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువు కావాలి. ఆ తేడా స్పష్టంగా చెప్పు, ప్రతి ఘోరానికీ ఆ మాట వాడితే మాటకి బలం పోతుంది. కానీ తేడా చెప్పి ఊరుకోకు. సాటి మనిషిని మనిషిగా లెక్కచేయకపోవడం రెండుచోట్లా ఒకటే. మన దేశం ఆ ఒప్పందాన్ని 1959లోనే అంగీకరించినా ఈ నేరానికి విడిగా చట్టం చేసుకోలేదన్నది కూడా వాళ్లకి తెలియాలి.

నాటకం వద్దు. పిల్లల చేత ఖైదీల వేషం, సైనికుల వేషం వేయిస్తే ఆ బాధ ఆటైపోతుంది. ముఖ్య అతిథి ఫోటో పెద్దగా వేసిన ఫ్లెక్సీ అసలే వద్దు, ప్రిన్సిపాల్ గారికి నచ్చజెప్పు. ఎవరి బాధ ఎక్కువ అన్న వాదన మొదలైతే అక్కడే ఆపు. ఏడ్చే పిల్లల కోసం పక్క గదిలో మంచినీళ్లు, ఒక మేడమ్ ఉండేలా చూసుకో.

ఆ రోజు పొద్దున్నే బయల్దేరి బస్సులో వస్తాను, నెహ్రూ బస్టాండులో దిగి ఫోన్ చేస్తాను. నాకు వేదిక మీద కుర్చీ వేయించకు. పేర్లు చదివేటప్పుడు గొంతు పట్టేసే పిల్లలు ఎవరైనా ఉంటే ముందే చెప్పు, వాళ్ల పక్కన నిలబడతాను.

పెద్దమ్మ